అందరూ ఆహ్వానితులే! ఎవరా అందరూ?

‘కవులు, కవయిత్రులు, కళాకారులకు ఆహ్వానం. కవిత ఇరవై అయిదు పంక్తులు మించరాదు. యూనికోడ్‌లో టైపు చేసి మెయిల్‌లో మాత్రమే పంపాలి. సొంత రచనేనని, ఎక్కడా ప్రచురితం కాలేదని హామీపత్రం జతచేయాలి. ప్రయాణ ఖర్చులు ఎవరికి వారే భరించుకోవాలి. తుది నిర్ణయం నిర్వాహకులదే. ఈ విషయంలో ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు. అందరూ ఆహ్వానితులే.’

ఇది ఏ ఒక్క సంస్థ వేసిన ప్రకటనా కాదు. ఉగాదికీ, మార్చి ఎనిమిదికీ, పుస్తక పురస్కారాలకీ, సంకలనాలకీ వచ్చే ప్రకటనల్లో చాలావాటి భాష ఇదే. మనలో చాలామందిమి ఇలాంటివి చదివి, మరో నలుగురికి పంపి, మన పని అయిపోయిందనుకుంటాం.

పోయిన మిరప కోతలప్పుడు ముదిగొండ మండలంలోని ఒక ఊళ్లో, కూలి ఆడవాళ్ల సమావేశం ముగిశాక, ఇలాంటి ప్రకటన ఒకటి చదివి వినిపించాను. నాట్ల దగ్గరా బతుకమ్మ దగ్గరా పాట ఎత్తుకుంటే ఊరంతా అందుకునేంత గొంతున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు అక్కడే ఉన్నారు. వాళ్లలో పెద్దావిడ అంతా విని, ‘ఇది మాకు గాదులే బిడ్డా, సదువుకున్నోళ్లకు’ అంది. ‘అందరికీ అని రాశారు కదమ్మా’ అన్నాను. ‘అందర్లో మేమెప్పుడున్నాం?’ అని చీర కొంగు దులుపుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది: ‘మా అత్తకు వచ్చిన పాటల్లో సగం కూడా నాకు రావు. నాకొచ్చినవి మా కోడలికి రావు. ఇంక ఎవురికి పంపుతావ్ నువ్వు?’

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ వ్యాసం. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రకటన వేసినంత మాత్రాన అవకాశం అందరికీ తెరిచినట్టు కాదు. ఎవరు రాలేకపోతున్నారో తెలుసుకుని, వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగితేనే అది పిలుపు. ప్రజల డబ్బుతో, ప్రజల పేరుతో సాహిత్యాన్నీ కళలనూ ప్రోత్సహిస్తున్నామని చెప్పే ప్రతి సంస్థనూ ఈ పని చేయమని అడిగే హక్కు మనకుంది. అది ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు.

ప్రకటనను పంక్తి పంక్తిగా చదువుదాం

మొదట వయసు సంగతి. కేంద్ర సాహిత్య అకాడెమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. బహుమతి 50,000 రూపాయలు. రచయిత వయసు 35 ఏళ్లు దాటకూడదు. యువతను ప్రోత్సహించాలంటే వయసు పరిమితి ఉండాలి కదా అంటారు. నిజమే. పేరు మోసిన పెద్దవాళ్లతో పోటీపడలేని కుర్రవాళ్లకు ప్రత్యేకంగా ఒక చోటు కావాలి. కానీ ఆ లెక్క ఎవరి జీవితాన్ని చూసి వేశారు? పల్లెలో ఆడపిల్లకు పద్దెనిమిదికో ఇరవైకో పెళ్లి. ముప్ఫై అయిదు వచ్చేదాకా పిల్లలు, పశువులు, పొలం, అత్తమామల సేవ. కాస్త ఊపిరి పీల్చుకుని కలం పట్టేసరికి నలభై. ఆమె మొదటి కవిత రాసేనాటికి ‘యువ’ పురస్కారం గడువు దాటిపోయి ఉంటుంది. మగవాడికి సాహిత్యంలో యవ్వనం ఇరవైలలో వస్తే, ఇంటిచాకిరీ మోసే స్త్రీకి అది నలభైలలో వస్తుంది. కాబట్టి వయసుతో నిమిత్తం లేకుండా ‘మొదటి పుస్తకం’ అనే విభాగం కావాలని అడగాలి. వయసు నియమాలను మార్చలేమని ఎవరైనా అంటే, కేంద్ర సాంస్కృతిక శాఖ ఫెలోషిప్‌లను చూపించండి. వాటి నిబంధనల్లో 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకు జూనియర్ ఫెలోషిప్, 40 దాటినవాళ్లకు సీనియర్ ఫెలోషిప్ అని రెండు మెట్లు పెట్టారు. జూనియర్‌కు నెలకు 10,000, సీనియర్‌కు 20,000 రూపాయల చొప్పున రెండేళ్లు. అక్కడ వీలైనది ఇక్కడ ఎందుకు కాదు?

ఇక ‘పుస్తకం నాలుగు ప్రతులు పంపాలి’ అనే షరతు. పుస్తకం వేయాలంటే చేతిలో డబ్బుండాలి. తెలుగులో కవిత్వ పుస్తకాలు చాలావరకు కవులే సొంత ఖర్చుతో అచ్చు వేసుకుంటున్నారని మనందరికీ తెలుసు. సొంత సంపాదన ఉన్న మగవాడు జీతంలోంచి తీసి వేసుకుంటాడు. స్త్రీ భర్తను అడగాలి, లేదా మెళ్లో ఉన్నది తాకట్టు పెట్టాలి. కూలి స్త్రీకి ఆ ఆలోచనే రాదు. ఇది చాలదన్నట్టు కొన్ని సంకలనాలవాళ్లు పేజీకి ఇంతని కవుల దగ్గరే వసూలు చేస్తున్నారు. ‘మీకు పురస్కారం వచ్చింది, శాలువాకూ జ్ఞాపికకూ డబ్బు కట్టండి’ అని ఫోన్లు వస్తున్నాయి. కొత్తగా రాస్తున్న అమ్మాయిలకు మనం గట్టిగా చెప్పాలి: మన రచన వేసుకుంటూ మన దగ్గరే డబ్బు అడిగేది అవకాశం కాదు, వ్యాపారం.

‘యూనికోడ్‌లో టైపు చేసి మెయిల్‌లో’. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? మెయిల్ పెట్టాలంటే కొడుకునో, మరిదినో, మీసేవ దుకాణం అబ్బాయినో బతిమాలాలి. తాను రాసింది ముందు వాళ్లు చదవాలి. అత్తింటి మీద, తాగి కొట్టే మొగుడి మీద, ఒంటి మీద, కోరిక మీద రాసిన కవితను మరిది చేత టైపు చేయించగల స్త్రీ ఎవరు? ఈ ఒక్క షరతు చాలు, ఆమె ఏం రాయాలో ఏం రాయకూడదో ముందే నిర్ణయించడానికి.

‘ప్రయాణ ఖర్చులు ఎవరికి వారే’. ఖమ్మంలోనో హైదరాబాదులోనో సభ. బస్సు చార్జీ ఒకటే కాదు, ఆ రోజు కూలి పోతుంది. చంటిపిల్ల ఉంటే ఎవరికో అప్పగించాలి. సభ రాత్రి తొమ్మిదికి ముగిస్తే ఆఖరు బస్సు ఉండదు. రాత్రి ఎక్కడ ఉన్నావని ఇంట్లో అడుగుతారు. ఆహ్వానపత్రంలో ఈ ఖర్చులు ఎక్కడా కనిపించవు గానీ వీటిని ప్రతిసారీ స్త్రీలే కడుతున్నారు.

‘తుది నిర్ణయం నిర్వాహకులదే, ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు’. సొంత డబ్బుతో చేసేవాళ్లు ఇలా రాసుకుంటే సరే అనుకుందాం. ప్రభుత్వ నిధులు తీసుకునే సంస్థ ఇలా రాయడానికి వీల్లేదు. ఎవరు ఎంపిక చేశారు, ఎన్ని వచ్చాయి, వాటిలో స్త్రీలవి ఎన్ని, పల్లెలవి ఎన్ని అని అడిగే హక్కు 2005 సమాచార హక్కు చట్టం మనకిచ్చింది. పది రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెడితే ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు. రేషన్ మీద, పింఛను మీద, ఉపాధి హామీ మీద ఎన్నో దరఖాస్తులు పెట్టిన మనం, కళల మీద ఎన్ని పెట్టాం?

పాట ఎవరిది?

‘సొంత రచన’ అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. నాట్ల దగ్గర పాట ఒకరు ఎత్తుతారు, పది మంది అందుకుంటారు. ఆ ఏడు కూలి రేటు మీదో, మేస్త్రి మీదో, కొత్తగా కాపురానికొచ్చిన కోడలి మీదో ఒక్కొక్కరు ఒక్కో మాట కలుపుతారు. ఇందులో సొంతం ఎవరిది? అందరిదీ. అందుకని ప్రకటనల్లో దానికి చోటు లేదు. అదే పాటను పట్నం నుంచి వచ్చినవారు రికార్డు చేసుకుని, రెండు మాటలు సరిదిద్ది పుస్తకమో క్యాసెట్టో సినిమా పాటో చేస్తే మాత్రం వాళ్లకు పేరుంటుంది, పారితోషికం ఉంటుంది. పాడినవాళ్లు ‘జానపదులు’ అనే ఒక్క మాటలో కలిసిపోతారు.

చట్టం ఇంత అన్యాయంగా లేదు. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శనకారులకు కొన్ని హక్కులిచ్చింది. ప్రదర్శనకారులు అంటే ఎవరో ఆ చట్టం చెప్పిన జాబితాలో పాడేవాళ్లు, ఆడేవాళ్లే కాదు, గారడీ చేసేవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఉన్నారు. పాట ఎవరు కట్టారో తెలియకపోయినా, పాడిన గొంతు మీద ఆమెకు హక్కుంది. ఆ హక్కు యాభై ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకేసి, తన ప్రదర్శన దగ్గర తన పేరు ఉండాలని అడిగే హక్కునూ చేర్చింది. ఈ సంగతి పాట రికార్డు చేసుకోవడానికి వచ్చేవాళ్లు చెప్పరు. మనం చెప్పాలి. రికార్డు చేసే ముందు పాడే మనిషి పేరు, ఊరు, అనుమతి, పారితోషికం ఒక కాగితం మీద రాసుకోవడం కష్టమైన పనేం కాదు. కాగితంలో ఏముందో ఆమెకు చదివి వినిపించి మరీ వేలిముద్రో సంతకమో తీసుకోవాలి.

ఈ ప్రాంతపు కథ ఒకటి ఉంది. ముదిగొండకు పక్కనే నేలకొండపల్లి. కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు పుట్టిన ఊరు. భద్రాచలం గుడి కట్టించిన వాగ్గేయకారుడిగా ఆయన కీర్తనలు మూడు వందల ఏళ్లుగా పాడుకుంటున్నాం. కానీ భద్రగిరి మీద పుట్టలో రాముడి విగ్రహాన్ని మొదట కనుగొన్నది పోకల దమ్మక్క అనే అడవి బిడ్డ అని ఆ స్థలపురాణమే చెబుతుంది. తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి కొలుచుకున్నది ఆమె. గోపన్న గొప్పతనాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దమ్మక్క కూడా రాముడి మీద ఏదో ఒకటి పాడుకునే ఉంటుంది కదా? ఆ పాట ఏమైంది? ముందు చూసిన స్త్రీ పురాణంలో ఒక పేరుగా మిగిలిపోవడం, తర్వాత వచ్చినవారు చరిత్ర కావడం మనకు కొత్త కాదు.

గోదావరి దాకా వెళ్లి చూస్తే

ముదిగొండ ఖమ్మం పట్నానికి దగ్గరి మైదాన మండలం. ఇక్కడే పరిస్థితి ఇలా ఉంటే, కొత్తగూడెం దాటి మణుగూరు, భద్రాచలం అడవి ఊళ్లలో కోయ స్త్రీ సంగతి చెప్పేదేముంది? కోయ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో లేదు. సాహిత్య అకాడెమీ గుర్తించిన 24 భాషల్లోనూ లేదు. గుర్తింపు లేని భాషల కోసం ఆ అకాడెమీ 1996లో భాషా సమ్మాన్ మొదలుపెట్టింది. మంచిదే. కానీ తన భాషలో పాట కట్టే కోయ అమ్మాయికి ఏటేటా పోటీపడే పురస్కారాలకూ దానికీ మధ్య చాలా దూరం ఉంది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి కోయ కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథనూ కోయ వంశాల గాథలనూ కంచుతాళం, డోలు మోతల మధ్య గానం చేసేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అడవి ఊరి కళాకారుడికి ఆ గౌరవం దక్కినందుకు మనమంతా సంతోషించాం. అయితే ఒక సంగతి గమనించండి. ఆయన పాడింది ఇద్దరు స్త్రీల యుద్ధ గాథ. ఆ గాథను ఇళ్లలో, జాతరలో పాటలుగా నిలబెట్టిన కోయ స్త్రీల పేర్లు మనకు ఎన్ని తెలుసు? పద్మ పురస్కారాలకు ఇప్పుడు ఎవరైనా ఎవరినైనా ప్రతిపాదించవచ్చు, తమను తామే ప్రతిపాదించుకోవచ్చు కూడా. దరఖాస్తు కంప్యూటర్‌లో నింపాలి. మన సంస్థల్లో కంప్యూటర్లున్నాయి, నింపడం వచ్చిన కార్యకర్తలున్నారు. నిధుల కోసం ఎంత పెద్ద దరఖాస్తులైనా రాస్తాం. ఒక పాటగత్తె కోసం రెండు పేజీలు రాయలేమా?

పద్మశ్రీ అందరికీ వచ్చేది కాదు. దగ్గరి తలుపులూ ఉన్నాయి. కొత్తగూడెం ఆకాశవాణి ఈ ప్రాంతానిదే. రేడియోకు కావలసింది గొంతు, టైపు చేసిన కాగితం కాదు. తంజావూరులోని దక్షిణ మండల, నాగపూరులోని దక్షిణ మధ్య మండల సాంస్కృతిక కేంద్రాలు రెండింటి పరిధిలోనూ తెలంగాణ ఉంది. అరవై ఏళ్లు దాటిన పేద కళాకారులకు కేంద్రం నెలకు 6,000 రూపాయల దాకా సాయం చేసే పథకం ఉంది. ఇవి ఉన్నాయని ఊళ్లో ఆమెకు చెప్పేవారెవరు? మన ఊరి ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలు చేస్తారు. గుడిసె పన్ను కట్టే స్త్రీ డబ్బూ అందులో ఉంది. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయం గోడ మీద ఈ ప్రకటనలు పెద్ద అక్షరాలతో ఎందుకు ఉండకూడదు?

వెతికితే దొరుకుతారని చరిత్ర చెబుతోంది

‘మేం పిలిచాం, ఆడవాళ్లు రాలేదు, మేమేం చేస్తాం’ అంటారు. ఈ మాటకు తెలంగాణలోనే జవాబుంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు అన్నప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వాదించి ఊరుకోలేదు. గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. లేరన్నచోట అంతమంది ఉన్నారు! అయితే ఆ పెద్ద పిలుపులోనూ స్త్రీలు బహు కొద్దిమందే. పత్రిక ఆనాటి స్త్రీల చేతికి వెళ్లే దారి ఎంత ఇరుకో అది చెబుతుంది.

ఆ దారిని స్త్రీలే వెడల్పు చేశారు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల ఇళ్లకు వెళ్లి, కూర్చుని, వాళ్ల మాటలు టేపులో ఎక్కించుకుని, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. ‘వ్యాసాలు పంపండి’ అని ప్రకటన వేసి ఉంటే ఆ పుస్తకం వచ్చేదా? 1990లలో స్త్రీవాద కవిత్వం వెల్లువైనప్పుడు దళిత, ముస్లిం, ఆదివాసీ స్త్రీలు ‘ఇందులో మేమెక్కడ?’ అని అడిగారు. ఆ ప్రశ్న కొందరికి కోపం తెప్పించింది. కానీ దాని నుంచే పని జరిగింది. గోగు శ్యామల 1921 నుంచి దళిత స్త్రీలు రాసిన సాహిత్యాన్ని వెతికి పట్టి, 2002లో ‘నల్లపొద్దు’గా మన ముందు పెట్టారు. ఎనభై ఏళ్ల సాహిత్యం! అడిగినవాళ్లు లేకే కనపడలేదు.

ఖమ్మం జిల్లాలోనే కారేపల్లి మండలం రొట్టమాకురేవు అనే పల్లెలో, కవి యాకూబ్ పుట్టిన ఊళ్లో, కవిత్వ పురస్కారాల సభ జరుగుతోంది. కవులు పట్నం నుంచి ఊరికి వెళ్తున్నారు. సభను ఊరికి తీసుకెళ్లడం సాధ్యమేనని ఇది చూపిస్తోంది. తర్వాతి అడుగు ఆ ఊరి స్త్రీలనూ వేదిక మీదికి తేవడం. ఆ పని అన్ని ఊళ్లలో జరగాలి.

మన సంగతేమిటి?

ఇంతసేపూ ఇతరులను అడిగాం. ఇప్పుడు మనల్ని మనం అడగాలి. మన సభల్లో పాటలు ఎవరు పాడుతున్నారు? జనం పోగయ్యేదాకా, ముఖ్య అతిథి కారు వచ్చేదాకా కూలి ఆడవాళ్ల చేత పాడిస్తాం. కారు రాగానే ‘ఇక చాలమ్మా’ అంటాం. నివేదికలో వక్తలందరి పేర్లూ ఉంటాయి. పాడిన వాళ్లు ‘సాంస్కృతిక కార్యక్రమం’ అనే రెండు మాటల్లో ఉంటారు. వక్తకు దారి ఖర్చులిస్తాం, పాటగత్తెకు పులిహోర పొట్లం ఇస్తాం. మార్చి ఎనిమిది సంచికలకు ప్రతి ఏడూ అవే పది పేర్లకు ఫోను చేస్తాం. ఈ తప్పు నేనూ చేశాను.

2007 జులై 28న ఇదే ముదిగొండలో, భూమి కోసం, ఇళ్లస్థలాల కోసం వామపక్షాలు ఇచ్చిన బంద్ రోజున, పోలీసులు కాల్పులు జరిపారు. పేదలు ప్రాణాలు కోల్పోయారు. రాష్ట్రమంతా అట్టుడికింది. నాయకులు వచ్చారు, విలేకరులు వచ్చారు, నిజనిర్ధారణ బృందాలు వచ్చాయి. ఆ రోజు రోడ్డు మీద ఉన్న ఆడవాళ్లు, భర్తలను, కొడుకులను వెతుక్కుంటూ ఆసుపత్రికి పరుగెత్తిన ఆడవాళ్లు ఆ తర్వాత ఏమనుకున్నారో, ఏం పాడుకుని ఏడ్చారో ఎవరు అడిగారు? శోకం కూడా కవిత్వమే. దాన్ని రాసిపెట్టడానికి మనం ఏ పిలుపూ ఇవ్వలేదు. అప్పటి నడివయసు స్త్రీలు ఇప్పుడు ముసలివాళ్లు అవుతున్నారు. వాళ్లు పోతే ఆ మాటలు మళ్లీ రావు.

మనం అడగవలసినవి

స్త్రీల పట్ల అన్ని రకాల వివక్షల నిర్మూలన ఒప్పందాన్ని భారతదేశం 1993లో ఆమోదించింది. సాంస్కృతిక జీవితంలోని అన్ని అంశాలలో పాల్గొనడం స్త్రీల హక్కని దాని 13వ అధికరణం, గ్రామీణ స్త్రీల విషయంలో ప్రత్యేక బాధ్యత ప్రభుత్వానిదని 14వ అధికరణం చెబుతున్నాయి. ఆ బలంతో ఈ డిమాండ్లు పెడుతున్నాను. కలపండి, సరిదిద్దండి.

1. ప్రజాధనంతో జరిగే ప్రతి సాహిత్య, కళా పోటీలో నోటితో చెప్పినవీ, పాడి రికార్డు చేసినవీ స్వీకరించాలి. మాండలికాన్ని తప్పుగా చూడకూడదు. కోయ, లంబాడీ భాషలకు ఆ భాష వచ్చిన న్యాయనిర్ణేత ఉండాలి.

2. ప్రవేశ రుసుము ఉండకూడదు. వయసు పరిమితి ఉన్నచోట, దానితో పాటు ఏ వయసువారికైనా ‘మొదటి రచన’ విభాగం ఉండాలి.

3. బృందంగా కట్టిన పాటను బృందం పేరుతోనే స్వీకరించాలి. బహుమతి అందరికీ పంచాలి, అందరి పేర్లూ రాయాలి.

4. పిలిచినవారు దారి ఖర్చులు, పోయిన రోజు కూలి ఇవ్వాలి. పిల్లలను చూసుకునే ఏర్పాటు ఉండాలి. సభ పొద్దుండగానే ముగియాలి.

5. ఎంపిక సంఘం పేర్లు, వచ్చిన రచనల లెక్క, వాటిలో స్త్రీలు, దళితులు, ఆదివాసీలు, పల్లెలవారు ఎందరో ప్రకటించాలి.

6. ప్రకటన గ్రంథాలయంలో, పంచాయతీ ఆఫీసులో, అంగన్‌వాడీలో అతికించాలి. మహిళా సంఘాల సమావేశాల్లో చదివి వినిపించాలి.

ఇవి మనతోనే మొదలు కావాలి. ఈ పత్రిక చదివే ప్రతి కార్యకర్తా వచ్చే మూడు నెలల్లో తన ఊళ్లో ఒక్క స్త్రీ దగ్గర కూర్చుని, ఆమె పాటనో మాటనో ఆమె పలికినట్టే రాసుకుని, ఆమెకు చదివి వినిపించి, ఆమె అనుమతితో ఆమె పేరుతో పంపాలి. ముదిగొండ పెద్దావిడ దగ్గరికి నేను మళ్లీ వెళ్తున్నాను. ఆమె పాడనంటే పాడనక్కర్లేదు. ఎందుకు పాడనంటోందో అదే రాసుకొస్తాను.

మీరూ రాయండి. నేను రాసిన దాంట్లో తప్పుంటే కోప్పడండి. ఇక్కడ ఉత్తర ప్రత్యుత్తరాలకు తావుంది.